తొమ్మిది వందల మైళ్లు దాటితేనే విస్తరి

అమెరికా దేశీయ విమానాల్లో ఫస్ట్ క్లాస్ ప్రయాణికుడికి భోజనం పెడతారా, పెట్టరా అన్నది అతను టికెట్టుకు ఎంత పోశాడన్న దాన్నిబట్టి తేలదు. విమానం ఎన్ని మైళ్లు ఎగురుతుంది, ఏ వేళకు బయల్దేరుతుంది అన్న రెండు లెక్కలే దాన్ని తేలుస్తాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్, డెల్టా సంస్థల్లో ఆ గీత 900 మైళ్ల దగ్గర, అంటే సుమారు 1,450 కిలోమీటర్ల దగ్గర ఉంది. మిగతా సంస్థలు కాస్త అటూ ఇటూగా గీసుకున్నాయి. గీతకు అవతల పింగాణీ ప్లేటులో వేడి భోజనం. ఇవతలైతే బుట్టలో చిప్స్ పొట్లాలు, గ్రనోలా బార్లు, అదృష్టం బాగుంటే ఒక అరటిపండు.

ఈ లెక్క తెలియక నిరాశపడేవారే ఎక్కువ. అట్లాంటా నుంచి న్యూయార్క్ దాదాపు 760 మైళ్లు. షికాగో నుంచి న్యూయార్క్ దాదాపు 730, డల్లాస్ నుంచి అట్లాంటా కూడా అంతే. ఈ మార్గాల్లో మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కినా వేడి భోజనం మీద ఆశ పెట్టుకోకూడదు. డల్లాస్ నుంచి న్యూవర్క్ 1,370 మైళ్లు, డల్లాస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 1,460, న్యూవర్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 2,560 పైచిలుకు. వీటిలో వేళ కుదిరితే భోజనం ఖాయం. న్యూజెర్సీ, డల్లాస్, బే ఏరియాల మధ్య తిరిగే తెలుగు కుటుంబాలకు ఈ చివరి మూడు మార్గాలూ కొట్టినపిండే.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఆకాశమార్గాన సుమారు 1,250 కిలోమీటర్లు. అమెరికా కొలత పెడితే ఆ విమానంలో ముందు వరుసలవారికి కూడా వేడి భోజనం దక్కదు. మన దగ్గరేమో ఫుల్ సర్వీస్ సంస్థ బిజినెస్ క్లాసులో అంతకన్నా తక్కువ దూరానికీ పళ్లెం వస్తుంది, ఎయిరిండియా ఎకానమీలోనూ ఏదో ఒకటి పెడుతుంది. ఇక్కడి అలవాటుతో అక్కడ విమానమెక్కినవారికి మొదటి దెబ్బ తగిలేది ఈ విషయంలోనే. మందు విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. భారతదేశంలో దేశీయ విమానాల్లో మద్యం పోయరు. అమెరికాలో ఫస్ట్ క్లాసుకు అది టికెట్టులోనే కలిసి ఉంటుంది, భోజనం లేని చిన్న ప్రయాణంలో కూడా.

దూరం కుదిరినా వేళ కుదరాలి. పొద్దున బయల్దేరే విమానానికి టిఫిన్, ఆపైన మధ్యాహ్న భోజనం, సాయంత్రం నుంచి ఇంచుమించు ఎనిమిది గంటల దాకా రాత్రి భోజనం. ఆ తరువాత బయల్దేరి తెల్లారేసరికి అవతలి తీరం చేర్చే విమానాలను అక్కడ రెడ్ ఐ అంటారు. వాటిలో ప్రయాణికుడు తిని వస్తాడని, పడుకోవాలనుకుంటాడని సంస్థ తానే నిర్ణయించేస్తుంది. దీపాలు ఆర్పడానికి ముందు ఒక గ్లాసు, ఒక చిరుతిండి, అంతటితో సరి.

పేరు ఒకటి, తరగతులు మూడు

ఫస్ట్ క్లాస్ అన్న మాట వినగానే గల్ఫ్ సంస్థల విమానాల్లో తలుపులున్న గదులు, కేవియర్, పట్టుపరుపులు గుర్తుకొస్తాయి. అమెరికా దేశీయ ఫస్ట్ క్లాసుకు వాటితో ఏ చుట్టరికమూ లేదు. మామూలు బోయింగ్ 737లోనో ఎయిర్‌బస్ 321లోనో ముందు నాలుగైదు వరుసల్లో అటు రెండు, ఇటు రెండుగా వేసిన వెడల్పాటి కుర్చీలవి. వెనక్కి వాలతాయి, మంచంలా చదునుగా పరుచుకోవు. విదేశాలకు వెళ్లే విమానంలో బిజినెస్ క్లాస్ దీనికన్నా రెండు మెట్లు పైనుంటుంది. భోజనం విషయంలో కూడా అంతే తేడా.

మధ్యలో మూడో తరగతి ఒకటుంది. న్యూయార్క్ నుంచి లాస్‌ఏంజెలెస్‌కూ, శాన్‌ఫ్రాన్సిస్కోకూ వెళ్లే మార్గాల్లో సినిమా, బ్యాంకింగ్, సాఫ్ట్‌వేర్ రంగాలవారు కంపెనీ ఖర్చుతో తిరుగుతారు. వారి కోసం సంస్థలు ఈ మార్గాలను విడిగా చూసుకుంటాయి. 2014 జనవరిలో అమెరికన్ సంస్థ పది ఫస్ట్ క్లాస్ పడకలు, ఇరవై బిజినెస్ పడకలు ఉన్న ప్రత్యేక ఎయిర్‌బస్ 321లను ఈ మార్గాల్లో దింపింది. అదే ఏడాది జూన్‌లో చౌక సంస్థగా పేరున్న జెట్‌బ్లూ మింట్ పేరుతో తన పడకల తరగతిని మొదలుపెట్టింది. అందులో పెద్ద కూర ఒకటి, నంజుళ్లు రెండు అన్న పద్ధతి లేదు. చిన్న చిన్న పళ్లేల్లో అయిదు రకాలు చూపించి మూడు ఎంచుకోమంటారు. అప్పటిదాకా ధీమాగా ఉన్న పెద్ద సంస్థలన్నీ తమ వంటకాల జాబితాలు దులుపుకోవాల్సి వచ్చింది. ఈ మార్గాల్లో అన్నీ ఒకే ట్రేలో పెట్టెయ్యకుండా ఒకదాని తరువాత ఒకటిగా వడ్డించడం, చివర ఎదురుగా కలిపిచ్చే ఐస్‌క్రీమ్ సండే ఆశించవచ్చు. అదే సంస్థ, అదే రోజు, డల్లాస్ నుంచి నడిపే విమానంలో ఆశించకూడదు.

ఆశ ఎక్కడ పుట్టింది

విమానంలో భోజనం మొదట మర్యాద కాదు, సరుకు. 1919 అక్టోబరులో హ్యాండ్లీ పేజ్ సంస్థ లండన్–పారిస్ విమానంలో మూడు షిల్లింగులకు పెట్టెభోజనం అమ్మింది. అమెరికాలో 1930 మే 15న బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ విమానంలో ఎలెన్ చర్చ్ అనే నర్సు తొలి ఎయిర్‌హోస్టెస్‌గా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి షికాగోకు వెళ్లింది. దారిలో ఎన్నోచోట్ల దిగి లేచే ఆ ప్రయాణంలో ఆమె పెట్టింది చల్లారిన కోడి మాంసం, పళ్ల ముక్కలు, రొట్టెలు, ఫ్లాస్కులోని కాఫీ. 1936లో యునైటెడ్ సంస్థ ఓక్లాండ్‌లో విమానాల కోసమే ఒక వంటశాల పెట్టింది. ఆ మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో ఇంకో దారి తెరుచుకుంది. హూవర్ ఫీల్డ్ పక్కనున్న మారియట్ వారి హోటల్లో ప్రయాణికులు తిండి కట్టించుకుని విమానమెక్కడం ఆ యజమాని గమనించాడు. తానే పెట్టెలు కట్టి విమానం దగ్గరకు పంపడం మొదలుపెట్టాడు. ఇప్పుడు హోటళ్లకు పేరుపడ్డ మారియట్ అప్పటికి కట్టింది భోజనాల కూడళ్లే తప్ప బస గదులు కావు.

అసలు వైభవం ప్రభుత్వ నియంత్రణ పుణ్యమే. 1940 నుంచి సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు ఏ సంస్థ ఏ మార్గంలో తిరగాలో, ఎంత వసూలు చేయాలో శాసించేది. పక్క సంస్థకన్నా పది డాలర్లు తగ్గించి అమ్ముకునే వీలు లేనప్పుడు పోటీ అంతా పళ్లెంలోకే చేరింది. 1953 నుంచి 1970 దాకా యునైటెడ్ న్యూయార్క్–షికాగోల మధ్య మగవాళ్లకు మాత్రమేనంటూ సాయంత్రపు విమానం నడిపింది. స్టేక్ భోజనం, ఆపైన చుట్టలు. ఇవాళ అదే దారిలో ఫస్ట్ క్లాస్ ప్రయాణికుడికి గ్రనోలా బారు ఇస్తున్నారంటే కాలం ఎటు నడిచిందో తెలుస్తుంది. 1970ల మొదట్లో జంబో జెట్లు వచ్చి సీట్లు మిగిలిపోతే అమెరికన్ సంస్థ విమానం వెనక భాగాన పియానో పెట్టి లాంజి నడిపింది. అదీ ఎకానమీ వారికి!

1978 అక్టోబరు 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ నియంత్రణ తొలగింపు చట్టంపై సంతకం చేశాడు. ధరలు పడ్డాయి, జనం ఎక్కారు, పళ్లెం చిక్కిపోవడం మొదలైంది. అమెరికన్ అధిపతి రాబర్ట్ క్రాండల్ 1980లలో ఫస్ట్ క్లాస్ సలాడ్‌లోంచి ఒక్క ఆలివ్ కాయ తీసేయించి ఏటా 40,000 డాలర్లు మిగిల్చాడన్న కథ ఆ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రయాణికులు గమనించలేదన్నది ఆ కథలో అసలు ముక్క. 2001 సెప్టెంబరు దాడుల తరువాత నష్టాల్లో కూరుకుపోయిన సంస్థలు ఎకానమీలో ఉచిత భోజనం ఎత్తేశాయి. పెద్ద సంస్థల్లో చివరిదాకా పెట్టిన కాంటినెంటల్ కూడా 2010లో చేతులెత్తేసింది. వెనక అంతా ఆకలి కాబట్టి ముందున్న ట్రే మీద చూపులు పెరిగాయి. ఒకప్పుడు అందరికీ వచ్చేది, ఇప్పుడు తరగతి గుర్తుగా మిగిలింది.

ఇంకో మార్పు కూడా జరిగింది. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట దేశీయ ఫస్ట్ క్లాస్ సీట్లలో చాలా భాగం తరచూ తిరిగేవారికి ఉచితంగా అందిన అప్‌గ్రేడ్లతో నిండేవి. ఉత్తపుణ్యానికి వచ్చిన సీట్లో కూర్చున్నవాడు చికెన్ గట్టిగా ఉందని పెద్దగా గొడవ చేయడు. ఇప్పుడు సంస్థలు ఆ సీట్లను యాప్‌లోనే వంద డాలర్లకో, రెండు వందలకో ఊరించి అమ్ముతున్నాయి. డబ్బు కట్టి కూర్చున్నవారు ఎక్కువయ్యేకొద్దీ ఫిర్యాదుల గొంతు హెచ్చింది. సంస్థలు మళ్లీ వంటమీద కాస్త శ్రద్ధ పెట్టడానికి ఈ గొంతే కారణమనుకోవచ్చు. పేరున్న చెఫ్‌లతో ఒప్పందాలు పాత ఎత్తే. కొత్త ఎత్తు జనానికి తెలిసిన తిండిని పైకెక్కించడం. 2024 డిసెంబరు నుంచి డెల్టా బోస్టన్‌లో బయల్దేరే 900 మైళ్లు దాటిన విమానాల ఫస్ట్ క్లాసులో షేక్ షాక్ బర్గర్ పెట్టడం మొదలుపెట్టింది. రోడ్డు మీద దొరికే బర్గర్ ఫస్ట్ క్లాసుకు ఆకర్షణ అయింది!

పదహారు మందికి ఒక్క మనిషి

అమెరికన్ సంస్థ నడిపే బోయింగ్ 737–800లో 172 సీట్లు, వాటిలో పదహారు ఫస్ట్ క్లాస్. ప్రతి యాభై సీట్లకు ఒక అటెండెంట్ చొప్పున ఉండాలన్నది అక్కడి ప్రభుత్వ నియమం, కాబట్టి మొత్తం నలుగురు. వారిలో ముందు భాగాన్ని మామూలుగా ఒక్కరే చూసుకుంటారు. దేశీయ ఫస్ట్ క్లాస్ వడ్డన ఎందుకలా ఉంటుందన్న ప్రశ్నకు సగం జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది.

వెనకవాళ్లు ఇంకా ఎక్కుతుండగానే ముందువాళ్లకు మంచినీళ్లో, నారింజ రసమో, వైనో ఇవ్వడం ఆనవాయితీ. తలుపు దగ్గర పలకరింపులు, పెట్టెలు పెట్టడానికి చోటు చాలని గొడవలు, పైలట్ల కాఫీ అన్నీ ఆ ఒక్క మనిషి మీదే పడతాయి. అందుకే ఈ మొదటి గ్లాసు ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు. విమానం లేచి పదివేల అడుగులు దాటాక గ్యాలీలో ఓవెన్లు పని మొదలుపెడతాయి. వేడి తువ్వాలు సంస్థనుబట్టి, మార్గాన్నిబట్టి ఉంటుంది. గిన్నెలో వెచ్చచేసిన బాదం, జీడిపప్పు మొదటి పానీయంతోపాటు వస్తాయి. తరువాత గుడ్డ పరిచిన ట్రే ఒకటి. అందులోనే సలాడ్, వెచ్చని రొట్టె, వెన్న, ప్రధాన వంటకం, తీపి అన్నీ సర్ది ఉంటాయి. వరుసగా ఒక్కొక్కటే తెచ్చిపెట్టే తీరిక ఆ ఒక్క మనిషికి ఉండదు కాబట్టి విస్తరి ఒకేసారి నిండుగా వస్తుంది. కొన్ని సంస్థలు తీపి మాత్రం వేరుగా తెస్తాయి. విమానంలోనే కాల్చిన చాక్లెట్ చిప్ కుకీకి ప్రత్యేకమైన అభిమానులున్నారు. మిల్‌వాకీ కేంద్రంగా నడిచిన మిడ్‌వెస్ట్ ఎక్స్‌ప్రెస్ విమాన సంస్థ పేరు ఇప్పటికీ నిలిచిందంటే ఆ కుకీ వాసన వల్లే. విమానంలో ఏ వంటకైనా అంత మంచి పేరు రావడం అరుదు, వచ్చింది బిస్కెట్టుకు.

అసలు చిక్కు ఎంపిక దగ్గర వస్తుంది. పదహారు మందికి పదహారు పళ్లేలే ఎక్కిస్తారు. సాధారణంగా రెండు రకాలు, ఒకటి మాంసం, ఒకటి పాస్తా. ఎవరు ఏది అడుగుతారో తెలియదు కాబట్టి ఒక నిష్పత్తి వేసుకుని పంపుతారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత ఇక్కడ పనిచేయదు. కడబంతికి మిగిలిందే దక్కుతుంది. ఈ అన్యాయాన్ని సరిచేయడానికి అమెరికన్ సంస్థలో ముచ్చటైన పద్ధతి ఒకటి నడిచింది. ఫ్లైట్ నంబరు సరిసంఖ్యయితే ముందు వరుస నుంచి వెనక్కి, బేసిసంఖ్యయితే వెనక వరుస నుంచి ముందుకు అడుగుతూ వచ్చేవారు. ఈ కిటుకు తెలిసినవారు సీటు ఎంచుకునేటప్పుడే నంబరు చూసుకునేవారు. మరికొన్ని సంస్థలు సంఖ్యను పక్కనపెట్టి, తమ దగ్గర ఎక్కువ తిరిగే ఖాతాదారుణ్ణి ముందు అడుగుతాయి. నాలుగో వరుసవాడిని మొదట పలకరించి, ఒకటో వరుసవాడిని చివర పలకరించడం చూసి కొత్తవారు విస్తుపోతారు.

ఇప్పుడు ముందస్తు ఎంపిక వచ్చి ఈ గొడవను చాలావరకు చల్లార్చింది. ప్రయాణానికి కొన్ని రోజుల ముందే యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో వంటకం ఎంచుకోవచ్చు. గడువు మామూలుగా బయల్దేరడానికి ఒక రోజు ముందు దాకా ఉంటుంది. ముందుగా ఎంచుకుంటే విమానంలో అడిగితే దొరకని రకాలు కొన్ని దొరుకుతాయి. ఆఖరి నిమిషంలో విమానం మారినా, రద్దయి వేరేదాంట్లో సీటిచ్చినా ఆ ఎంపిక వెంట రాదు. చివరి రోజు అప్‌గ్రేడ్ దొరికినవారికీ ఈ వెసులుబాటు లేదు; మిగిలిన పళ్లెమే వారిది.

చల్లార్చి, మళ్లీ వేడిచేసి

విమానంలో వండరు. వంట విమానాశ్రయం పక్కన ఉండే వంటశాలల్లో జరుగుతుంది. ఎల్‌ఎస్‌జీ స్కై షెఫ్స్, గేట్ గోర్మే వంటివి ఆ రంగంలో పెద్ద పేర్లు. స్కై షెఫ్స్‌ను 1942లో మొదలుపెట్టింది అమెరికన్ సంస్థే. అక్కడ వండినదాన్ని వెంటనే చల్లబరుస్తారు. అమెరికా ఆహార నియమావళి ప్రకారం 57 డిగ్రీల సెల్సియస్ నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగిపోవాలి. ఆ మధ్య ఉష్ణోగ్రతల్లోనే సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. ఈ కట్టుదిట్టం ఎందుకో 1975 ఫిబ్రవరిలో ఆ రంగానికి బాగా తెలిసొచ్చింది. టోక్యో నుంచి ఆంకరేజ్ మీదుగా యూరప్ వెళ్తున్న జపాన్ ఎయిర్‌లైన్స్ జంబోలో హామ్ ఆమ్లెట్ తిని దాదాపు రెండు వందల మంది జబ్బుపడ్డారు. వంటవాడి వేలికున్న పుండు నుంచి వచ్చిన స్టెఫిలోకాకస్, సరిగా చల్లార్చకుండా ఉంచిన వంటకంలో విషం పెంచిందని తేలింది. ఇద్దరు పైలట్లు వేర్వేరు వంటకాలు తినాలన్న జాగ్రత్తను సంస్థలు పాటించేది ఇలాంటి ముప్పును తలచుకునే.

చల్లార్చిన పళ్లేలు ట్రాలీల్లో సర్దుకుని, కత్తెరలా పైకి లేచే లారీ ఎక్కి విమానం తలుపు దాకా వస్తాయి. పైన గ్యాలీలోని ఓవెన్ వేడిగాలి తిప్పి ఇరవై నిమిషాల పైచిలుకు వేడిచేస్తుంది. ఇంట్లో మైక్రోవేవ్‌లా ఒక్కొక్క పళ్లేన్ని చూసుకునే వీలు లేదు. మూలనున్న పళ్లెం మాడుతుంది, మధ్యలోది గోరువెచ్చగా ఉంటుంది. ఈ రెండోసారి కాగడాన్ని తట్టుకునే వంటకాలే జాబితాలోకి ఎక్కుతాయి. గంటల తరబడి ఉడికించిన బీఫ్ షార్ట్ రిబ్, గ్రేవీలో మునిగిన చికెన్ తొడ, చీజ్ కూరిన రావియోలి మళ్లీ మళ్లీ కనిపించడానికి కారణం ఇదే. చేప ఎండిపోతుంది. స్టేక్‌ను వంటశాలలో సగమే కాల్చి పంపినా పైకి వెళ్లేసరికి నమలలేనంత గట్టిపడుతుంది. ఆమ్లెట్ స్పాంజిలా అవుతుంది. ఫస్ట్ క్లాసులో టిఫిన్ వేళ కనిపించేది ఎక్కువగా ఆ ఆమ్లెట్టే కాబట్టి, పొద్దుటి విమానాల పళ్లెం రాత్రివాటి ముందు ఎప్పుడూ తీసికట్టే. మధ్యలో కుదుపులు వచ్చి సిబ్బందిని కూర్చోమని కెప్టెన్ చెప్తే ఓవెన్‌లోది ఓవెన్‌లోనే ఉండిపోతుంది. 900 మైళ్ల గీత వెనకున్న తర్కం కూడా ఈ సమయమే. రెండు గంటల ప్రయాణంలో ఎక్కడానికి, దిగడానికి పోయే అరగంటలు తీసేస్తే, వేడిచేసి, పెట్టి, తినిపించి, ఎత్తేయడానికి ఒక్క మనిషికి మిగిలేది గంట.

ఇంత చేసినా నోటికి చప్పగా ఉంటుంది. తప్పంతా వంటవాడిది కాదు. విమానం పైన ఉన్నప్పుడు లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీది గాలిలా పలచబడుతుంది, తేమ ఇరవై శాతం లోపుకు పడిపోతుంది. ముక్కు ఎండితే వాసన తెలియదు, వాసన తెలియకపోతే రుచి సగం పోతుంది. లుఫ్తాన్సా కోసం జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 2010లో చేసిన పరీక్షల్లో ఉప్పు, తీపి ముప్పై శాతం దాకా తక్కువగా తెలిశాయి. పులుపు, చేదు, మసాలా ఘాటు పెద్దగా తగ్గలేదు. ఇంజిన్ల హోరు తీపిని అణచి, టమాటా, పుట్టగొడుగుల్లో ఉండే ఉమామి రుచిని పెంచుతుందని 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. నేలమీద ఎన్నడూ ముట్టని టమాటా రసాన్ని విమానంలో కోరి తాగేవారు అందుకే అంతమంది. ఈ లెక్కన ఉప్పుమీదా వెన్నమీదా ఆధారపడ్డ అమెరికా భోజనంకన్నా చింతపండు, మిరియాలు, టమాటా పడ్డ మన చారు ఆకాశంలో నిలబడాలి. ఒలికిపోతుందన్న భయం తప్ప వేరే అడ్డంకి కనిపించదు.

శాకాహారికి ఏమిటి దారి

అమెరికాలో పెరిగిన తెలుగు జనాభాలో గుడ్డు కూడా తినని శాకాహారులకు ఈ పళ్లెం పరీక్షే. మధ్యాహ్నం, రాత్రి రెండో రకంగా వచ్చే పాస్తా మామూలుగా మాంసం లేనిదే. దాని మీది చీజ్‌లో జంతువుల నుంచి తీసిన రెన్నెట్ ఉండొచ్చు. కట్టుగా ఉండేవారు దాన్నీ చూసుకుంటారు. టిఫిన్ వేళ మాంసం లేని రకం అన్నారంటే అందులో గుడ్డు ఉందనే అనుకోవాలి.

విమానయాన సంస్థలు ప్రత్యేక భోజనాలకు నాలుగక్షరాల సంకేతాలు వాడతాయి. ఏవీఎంఎల్ అంటే భారతీయ పద్ధతిలో చేసిన శాకాహారం, గుడ్డు ఉండదు, పాలు, పెరుగు ఉండవచ్చు. వీజీఎంఎల్‌లో పాలు కూడా నిషిద్ధం. వీఎల్‌ఎంఎల్‌లో పాలూ గుడ్డూ రెండూ ఉంటాయి. వీజేఎంఎల్ జైన భోజనం, దుంపలు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. ఎక్కువమంది బోల్తా పడేది హెచ్‌ఎన్‌ఎంఎల్ దగ్గర. హిందూ భోజనం అన్న పేరు చూసి శాకాహారమనుకుని అడిగినవారి ముందుకు కోడికూర వస్తుంది, ఎందుకంటే అది గోమాంసం లేని మాంసాహారం. ఇవన్నీ విదేశీ ప్రయాణాల్లో దొరికినంత తేలికగా దేశీయ మార్గాల్లో దొరకవు. కొన్ని సంస్థలు కొన్ని మార్గాల్లోనే ఇస్తాయి, అవీ ఇరవై నాలుగు గంటల ముందే అడిగితే. వేరే యాప్‌లో టికెట్ కొన్నవారు విమాన సంస్థ దగ్గరే ఆ కోరిక నమోదైందో లేదో మళ్లీ చూసుకోవడం మంచిది.

దేశీయ మార్గాల్లో భోజనం కాస్త నిండుగా ఉండేది హవాయి దారిలో. న్యూయార్క్ నుంచి హొనొలులు ఇంచుమించు 5,000 మైళ్లు, పశ్చిమానికి పదకొండు గంటలు దాటుతుంది. అయినా దేశీయ ప్రయాణమే. డల్లాస్ నుంచి దాదాపు 3,800 మైళ్లు. పసిఫిక్ మహాసముద్రం మీదుగా ఎగిరే ఈ పెద్ద విమానాల్లో మొదట ఒక పూర్తి భోజనం, దిగే ముందు మరొక చిన్న భోజనం ఆశించవచ్చు. హవాయియన్ సంస్థ, పెద్ద సంస్థలన్నీ మానేశాక కూడా వెనకవారికి ఉచిత భోజనం పెట్టినదిగా పేరు తెచ్చుకుంది.

పెట్టకపోతే

ఓవెన్ పాడయింది, లారీ రాలేదు, కుదుపులు తగ్గలేదు, ఇలాంటివి మామూలే. టికెట్టుతో వచ్చే ఒప్పందాల్లో భోజనాన్ని సంస్థలు కచ్చితమైన హామీగా రాసుకోవు. కాబట్టి పళ్లెం రాలేదని టికెట్టు డబ్బులో వాటా వెనక్కి అడిగితే సాధారణంగా దొరికేది క్షమాపణ, కొన్ని వేల మైళ్ల పాయింట్లు. అవి కూడా అడిగినవారికే, రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినవారికే. అసలు ఫస్ట్ క్లాసే ఇవ్వకుండా ఎకానమీలో కూర్చోబెడితే మాత్రం రెండు ధరల మధ్య తేడా వాపసు పొందే హక్కు అమెరికా రవాణా శాఖ నియమాల ప్రకారం ప్రయాణికుడికి ఉంది. సంస్థ తప్పువల్ల విమానం మూడు గంటలు దాటి ఆలస్యమైతే భోజనం కూపన్ ఇస్తామని పెద్ద సంస్థలన్నీ ప్రభుత్వానికి మాటిచ్చాయి. ఆ కూపన్ ఏ తరగతివారికైనా ఒకటే.

కొందరు ఈ తంటా లేకుండా ఇంటి డబ్బానే నమ్ముకుంటారు. అమెరికా విమానాశ్రయాల భద్రతా తనిఖీలో గట్టి పదార్థాలకు అడ్డు లేదు. పులిహోర, చపాతీ, వేపుడు, గారెలు నిరభ్యంతరంగా వెళ్తాయి. పెరుగును మాత్రం ద్రవం కింద లెక్కిస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే పారేయమంటారు. నూనె తేలే ఆవకాయ సీసాకూ ఇదే గతి పట్టొచ్చు. బాగా పిసికి ముద్దచేసిన పెరుగన్నం గట్టి పదార్థమా, ద్రవమా అన్నది తనిఖీ దగ్గర నిలబడ్డ అధికారి తేల్చాల్సిందే, ఆ నిర్ణయమే చివరిది. సొంత మందు సీసా తెచ్చుకుని లోపల తాగడానికి మాత్రం వీల్లేదు. సిబ్బంది పోసింది తప్ప మరేదీ విమానంలో తాగకూడదని ఫెడరల్ నిబంధన ఉంది, అది ఫస్ట్ క్లాసుకూ వర్తిస్తుంది.